పేరు మారని ఇంజన్

మా ఆయన యాసుతక ఒక కార్ల కంపెనీలో ఇంజన్లు డిజైన్ చేస్తారు. మా అన్నయ్య గెంజో మయెబాషి ఊళ్లో షెడ్డు పెట్టుకుని, ఆ కంపెనీ కార్లకే వేగం పెరిగేలా టర్బోలు బిగిస్తాడు. ఇంజన్‌కు ఎంత గాలి చాలునో ఈయన లెక్కగడితే, అంతకు రెట్టింపు గాలి అందులోకి నెట్టడం అన్నయ్య పని. ఆదివారం భోజనాల దగ్గర దీనిమీదే పోట్లాడుకునేవారు, ఇష్టంగానే.

ఆకులు ఎరుపెక్కే రోజుల్లో అన్నయ్య ఒక కొత్త కారుకు టర్బో బిగించి, మమ్మల్ని ఎక్కించుకుని అకాగి కొండకు బయల్దేరాడు. ముందు సీట్లో మా ఆయన. వెనక నేను, ఒళ్లో మిసో అనే సోయా ముద్ద రాసి కాల్చిన మంజూ బన్నుల పొట్లం.

"బావా, ఒక్కటి చెప్పు. ఇంజన్ గీసేటప్పుడు మీవాళ్లు మాలాంటి వాళ్లను తలుచుకుంటారా?"

"లేదు."

"మరి ఇంత గాలి నెట్టినా ఎలా తట్టుకుంటోంది?"

"కల్తీ పెట్రోలు పోసేవాళ్లుంటారు, మండుటెండలో బరువేసుకుని కొండెక్కేవాళ్లుంటారు. వాళ్లకోసం కాస్త బలం మిగులుస్తాం. నువ్వు దాన్ని తింటున్నావు."

"మిగిల్చారుగా, అది చాలు," అంటూ అన్నయ్య వేగం పెంచాడు.

మా ఆయన తలుపు పైనున్న పిడి పట్టుకున్నారు. మలుపు మలుపుకీ ఆ వేళ్లు తెల్లబడుతున్నాయి. దారి ఇరుకు, వెనకే బస్సు. ఆగడానికి చోటు లేదు.

"కాస్త నెమ్మదిగా పోనీ."

"ఇంజన్లు చేసేవాడికి ఇంజనంటే భయమేంటి బావా? వంటవాడు తన కూర తానే తిననన్నట్టుంది."

"మీ చెల్లికి కళ్లు తిరుగుతున్నాయి."

నాకేమీ తిరగడం లేదు. ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఆ చూపు చూశాక, "అవునన్నయ్యా, వాంతి వచ్చేలా ఉంది," అన్నాను.

కాస్త వెడల్పైన చోట కారు ఆపి, అన్నయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది చిన్నప్పటినుంచీ ఏ కొండెక్కినా జంకలేదు. ఏంటి బావా సంగతి?"

"ఇది ఈ ఏడాది బండేనా?"

"అవును. పోయినేడాదిదీ దీనిదీ ఒకటే ఇంజన్."

"ఒకటే పేరు."

అన్నయ్య ముఖంలో నవ్వు పోయింది. "ఏం మార్చారు? పిస్టన్లా?"

ఆయన సీటు బెల్టు విప్పుకున్నారు.

"పిస్టన్లను మోసే రాడ్లా? బరువు తగ్గించడానికి సన్నం చేశారా?"

ఆయన లోయ వైపు తిరిగారు.

"ఈ ఏడాది బండ్లు ఇంకా కొన్నింటికి టర్బోలు బిగించి ఇచ్చేశాను. రాడ్డు విరిగితే ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది. వాళ్లకేం చెప్పమంటావు?"

"నువ్వు నోరు విప్పితే, నీకెవరు చెప్పారో కంపెనీకి ఇట్టే తెలిసిపోతుంది."

కొండ దిగేటప్పుడు కారు ఎడ్లబండిలా నడిచింది.

మర్నాడు ఆయన, ఈ మార్పు సంగతి బయటికి చెబుదామా అని పై అధికారిని కదిపి చూశారట. "చెప్పామంటే టర్బోలు బిగించుకోమని మనమే అన్నట్టవుతుంది. వాళ్లు మన లెక్కలో లేరు," అన్నాడట ఆ పెద్దమనిషి.

అన్నయ్య ఆ బండ్లన్నీ పిలిపించి, లోపం తన సామానులోనే ఉందని చెప్పి టర్బోలు ఊడదీశాడు. పని రానివాడన్న పేరొచ్చింది. కొందరు నేరుగా వేరే షెడ్డుకు పోయి మళ్లీ బిగించుకున్నారు. అది తెలిసిన రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. ఆయన చెప్పనూ లేరు, ఊరుకోనూ లేరు. నేనూ అంతే. అన్నయ్య పేరు నిలబడాలంటే ఈయన ఉద్యోగం పోవాలి. ఇద్దరూ నావాళ్లే.

అన్నయ్య ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు. కార్ల ఊసు ఎత్తడు. ఆ ఇద్దరికీ అది తప్ప వేరే మాటెప్పుడూ లేదు. చారు చల్లారేదాకా వాన గురించి మాట్లాడుకుంటారు.