సగం గడ్డం ఓట్లు

పెళ్లయిన పదకొండేళ్లలో భార్య పాట ఒక్కటీ కత్తెరయ్య పూర్తిగా వినలేదు. వెనక వంటింట్లోంచి పల్లవి వినిపిస్తే చాలు, ముందున్న సెలూన్లో రేడియో గొంతు పెంచేవాడు. అలాంటిది ఆవిడ టీవీ పాటల పోటీలో ఫైనల్‌కి చేరింది. ఇక గెలిపించాల్సింది జనం ఓట్లే. కత్తెరయ్యకి సిగ్గేసింది. ఎలాగైనా గెలిపించి ఆ పాపం కడుక్కోవాలనుకున్నాడు.

ఆవిడది ఐదో నంబరు. అట్టముక్కతో పెద్ద అంకె కోశాడు. ఎన్నో మీసాలకు వంపు తిప్పిన చేతికి అట్ట మాత్రం లొంగలేదు. అంకె అంతా నిలువు గీతలూ అడ్డగీతలే అయింది. కూర్చున్నవాడికి ఎదుటి అద్దంలో కనపడేలా దాన్ని కుర్చీ వెనక గోడకు అతికించాడు.

ఆ వారమంతా ఒకటే పద్ధతి. నురగ పూసి, ఒక చెంప గీసి, ఆపేసేవాడు.

"ఫోన్ తియ్యి బాబాయ్. అద్దంలో అంకె కనపడుతోందిగా? నొక్కు."

"మరి రెండో చెంప?"

"ముందు ఓటు."

మెడ దగ్గర కత్తి ఉండగా కాదనే మొనగాడెవడు? రెండువందల ఓట్లు పడ్డాయి.

ఫైనల్లో రెండో నంబరు కుర్రాడు నూట పది ఓట్ల తేడాతో ఆవిడ మీద గెలిచాడు. కత్తెరయ్య జన్మలో మొదటిసారి తన సెలూన్ కుర్చీలో తనే కూలబడ్డాడు. ఎదురుగా అద్దం. గోడ మీది ఐదు అందులోకి వెళ్లి, ఠీవిగా రెండై కూర్చుంది. ఆ రెండువందల ఓట్లూ కుర్రాడికే పడ్డాయన్నమాట. అయ్యగారు నోరు మూసుకుని గడ్డాలు గీసుకుని ఉంటే ఆవిడ తొంభై ఓట్లతో గెలిచేది!

మర్నాడు ఆవిడ ఇంటికి రాగానే నసుగుతూ అంతా ఒప్పుకున్నాడు. ఆవిడ గోడ చూసింది, అద్దం చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"పదకొండేళ్లు రేడియో పెట్టి నా నోరు నొక్కారు. ఇప్పుడు ఊరందరి చేతా నొక్కించారు. కూర్చోండి."

కూర్చున్నాడు. ఆవిడ నురగ పూసింది, ఒక చెంప గీసింది, కత్తి పక్కన పెట్టింది.

"కదలకండి. పాటయ్యాకే రెండో చెంప."

ఫైనల్ పాట మొదలుపెట్టింది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ఇంత బాగా పాడుతుందా ఈ మనిషి అనుకున్నాడు కత్తెరయ్య. పాట పూర్తయ్యేసరికి చెంప మీద నురగ ఎండిపోయింది. ఆవిడ మళ్లీ కత్తి అందుకోబోతే, అతను మొహం పక్కకు తిప్పేశాడు.

"ఇంకోటి పాడు. గడ్డానికేం తొందర."