తోడల్లుళ్ళ మైలేజీ

చిన్నల్లుడిది కళ్ళద్దాల దుకాణం. పావు పాయింటు తేడా ఉన్నా అద్దాన్ని వెనక్కి పంపేసే మనిషి. అలాంటివాడు కారు కొనాలనుకుంటే ఊరికే కొంటాడా? పదకొండు కార్ల పేర్లు కాగితం మీద రాసుకుని, లీటరుకు ఏది ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో ఎర్ర పెన్నుతో దిద్ది, కొట్టేసి, మళ్ళీ రాసి రెండు నెలలు గడిపాడు. షోరూముల్లో సేల్స్‌మన్లు ఆయన్ని గుమ్మంలో చూడగానే టీ తాగే నెపంతో వెనక తలుపులోంచి జారుకునేవాళ్ళు.

"ఏవండీ, కారు కొంటారా, కారు మీద పరీక్ష రాస్తారా?" అంది భార్య.

చివరికి తోడల్లుడి మాటే వేదమైంది. పెద్దల్లుడు సర్వేయరు. గట్టు మీద గొలుసు పరిచి ఆయనొక కొలత చెప్పాడంటే అన్నదమ్ములు నోరు మూసుకుని ఇళ్ళకు పోవాల్సిందే.

"తమ్ముడూ, నా కారు చూడు. లీటరుకు ఇరవై ఎనిమిది. కళ్ళు మూసుకుని కొనెయ్."

కళ్ళద్దాలమ్మే మనిషి నిజంగానే కళ్ళు మూసుకుని అదే కొన్నాడు.

నెల తిరిగేసరికి లెక్క తేలింది. పద్దెనిమిది. టైర్లలో గాలి కొట్టించాడు. బంకు మార్చాడు. డిక్కీలో గొడుగు కూడా తీసేశాడు. పద్దెనిమిది పద్దెనిమిదే. లోపమేదో తనలోనే ఉందని కుమిలిపోతుండగా పెద్దల్లుడు ఫోన్ చేశాడు.

"ఎంతిస్తోంది తమ్ముడూ?"

నిజం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది. "ఇరవై ఎనిమిదిన్నర, అన్నయ్యా."

ఆ అర ఎందుకు కలిపాడో ఆయనకే తెలీదు. అవతల పెద్దల్లుడూ తగ్గలేదు.

"ఆఁ, నాకూ ఈమధ్య ఇరవై తొమ్మిది దాకా వస్తోందిలే."

అక్కడితో ఆగితే ఇద్దరి పరువూ దక్కేది. కానీ అత్తగారికి కారు మీద మనసైంది. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆ తర్వాతే డ్రైవింగు నేర్చుకుని మొదటిసారికే లైసెన్సు తెచ్చుకుంది.

"అల్లుళ్ళిద్దరూ ఒకే కారు గురించి ఒకే మాట అంటున్నారు. నేనూ అదే తీసుకుంటాను. అయితే ముందు కొలిచి చూద్దాం," అంది.

మెకానిక్‌ని పిలిపించి చిన్నల్లుడి కారు టాంకు చుక్క లేకుండా తోడించింది. కొలిచి సరిగ్గా పది లీటర్లు పోయించింది. "మా అక్కయ్య ఇల్లు ఇక్కడికి రెండొందల పది కిలోమీటర్లు. మీ లెక్కన మనం చేరాక కూడా రెండున్నర లీటర్లు మిగలాలి. పెద్దబ్బాయ్, నువ్వూ ఎక్కు, సాక్షిగా ఉంటావు."

చిన్నల్లుడు స్టీరింగు పట్టుకున్నాడు. పక్కన అత్తగారు, ఒళ్ళో నోట్‌బుక్కు. వెనక పెద్దల్లుడు. బయలుదేరిన పది నిమిషాలకే చిన్నల్లుడు ఏసీ కట్టేశాడు.

"ఉక్కగా లేదూ?" అంది అత్తగారు.

"గాలి ఆరోగ్యం, అత్తయ్యా," అన్నాడు వెనకనుంచి పెద్దల్లుడు, చెమట తుడుచుకుంటూ.

పెట్రోలు ముల్లు ఒక్కో గీతా దిగుతుంటే చిన్నల్లుడి ప్రాణం కూడా దిగుతోంది. భయంతో యాక్సిలరేటరు కాసేపు తొక్కుతాడు, కాసేపు వదిలేస్తాడు. వెనకనుంచి ఒక ట్రాక్టరు హారన్ కొట్టి మరీ దాటిపోయింది.

సగం దారిలో ఒక హోటల్ దగ్గర ఆగారు. "కొలత నడుస్తుండగా కారును ఎవరూ ముట్టుకోకూడదు," అని తాళంచెవి సంచీలో వేసుకుని, కాఫీ చెప్పుకుని కూర్చుంది అత్తగారు. చేతులు కడుక్కొస్తానని చిన్నల్లుడు లేచాడు. ఫోన్ మాట్లాడొస్తానని పెద్దల్లుడూ లేచాడు. చిన్నల్లుడు హోటల్ వెనకనుంచి చుట్టూ తిరిగి, ఖాళీ నీళ్ళ సీసా పట్టుకుని పక్కనున్న బంకులోకి అడుగుపెట్టాడు. అక్కడ అప్పటికే పెద్దల్లుడు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో రెండు సీసాలు.

ఇద్దరూ ఒకరి చేతుల్లోకి ఒకరు చూసుకున్నారు.

"అన్నయ్యా... మీకు నిజంగా ఎంతొస్తుంది?"

"పదిహేడు," అన్నాడు పెద్దల్లుడు నేల చూస్తూ. "మీ వదిన వేరే కారు కొందామంది. పంతానికి నేను దీన్నే కొన్నాను. మైలేజీ లేదంటే చచ్చేదాకా దెప్పదూ? మరి నీకు ఇరవై ఎనిమిదిన్నర ఎలా వచ్చిందయ్యా? నువ్వలా అన్నాక నాకు నిద్ర పట్టలేదు తెలుసా!"

"నాదీ పద్దెనిమిదే, అన్నయ్యా."

ఏడవాలో నవ్వాలో తెలీక ఇద్దరూ కలిసి సీసాలు చాపారు. బంకతను అడ్డంగా తలూపాడు. "సీసాల్లో పొయ్యమండీ. బండి తెచ్చుకోండి."

బండి తాళం అత్తగారి సంచీలో ఉంది. ఇద్దరూ ఖాళీ సీసాలతో తిరిగొచ్చి కాఫీ తాగారు. కాఫీ రుచి ఇద్దరికీ తెలీలేదు.

నూట డెబ్భై ఆరో కిలోమీటరు దగ్గర కారు రెండుసార్లు దగ్గి, పొద్దుతిరుగుడు చేను పక్కన ఆగిపోయింది. అత్తగారు నోట్‌బుక్కు తెరిచి, "పదిహేడు పాయింట్ ఆరు," అని రాసుకుంది. బడిలో పిల్లల్ని చూసే చూపొకటి అల్లుళ్ళ మీద వేసి, వెళ్ళి డిక్కీ తెరిచింది. స్టెప్నీ వెనక చిన్న డబ్బా ఉంది.

"మెకానిక్ తోడినదాంట్లోంచి రెండు లీటర్లు ఇందులో దాచాను. ఇంకా ముప్పై నాలుగు కిలోమీటర్లుంది. లే నాయనా, నేను తోలతాను."

అల్లుళ్ళిద్దరూ వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నారు. ఆవిడ అద్దాలెత్తి ఏసీ వేసింది. గేరు మారినట్టే ఎవరికీ తెలీకుండా మార్చింది. అరవై దగ్గర స్పీడు ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది.

"బండికేం రోగం లేదు. నీ కుడికాలికే కుదురు లేదు. తొక్కడం, వదలడం, తొక్కడం, వదలడం. పిండి రుబ్బుతున్నావా, కారు నడుపుతున్నావా?"

అక్కయ్యగారింటి గేటు దాకా రానే వచ్చారు. అంతటితో ఆగక అత్తగారు అక్కయ్యను ఎక్కించుకుని ఊరంతా చూపించి తెచ్చింది. కారు ఆగలేదు.

భోజనాల దగ్గర పెద్దత్తగారు చిన్నల్లుడి కంచంలో అన్నం పెడుతూ, "మా చెల్లెలు ఎప్పుడూ చెబుతుంటుంది, మీ కారు బోలెడు మైలేజీ ఇస్తుందటగా నాయనా, ఎంతేమిటి?" అంది.

పెద్దల్లుడికి పొలమారింది. అత్తగారు నీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపి ఊరుకుంది. ఆవిడ తనను కాపాడుతోందో, కనిపెట్టి చూస్తోందో చిన్నల్లుడికి అర్థం కాలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నా చేతిలో పదిహేడున్నర, పెద్దత్తయ్యా. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను."

"నాది పదిహేడే," అన్నాడు పెద్దల్లుడు దగ్గుల మధ్య. "అబద్ధం మొదలుపెట్టింది నేనే."

"ఓస్, ఇంతేనా! మీ పెదమావయ్యకు పన్నెండు కూడా రాదు. ఇరవై అని ఊరంతా టముకు వేస్తాడు," అంది పెద్దత్తగారు. పక్కగదిలోంచి పెదమావయ్య గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

అందరూ నవ్వారు. చిన్నల్లుడు ఆ ముద్ద తిని, ఇంకాస్త కూర అడిగాడు.

"నేను ఈ కారే కొంటున్నాను," అంది అత్తగారు. "వచ్చేవారమే."

తిరుగు ప్రయాణంలో టాంకు నిండా పోయించి, తాళంచెవి పెద్దల్లుడి చేతిలో పెట్టింది. "ఇప్పుడు నీ కాలు చూద్దాం." చిన్నల్లుడు వెనక సీట్లో కాళ్ళు బారజాపుకున్నాడు. ముందునుంచి "నెమ్మది... వదలకు... నెమ్మదయ్యా!" అని వినిపిస్తుంటే, కారు కొన్న తర్వాత మొదటిసారి ముల్లు వైపు చూడకుండా కిటికీలోంచి చేలు చూశాడు.