అందరి సమ్మతి

డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెన నీళ్లు తీసిన వెంటనే దివిసీమలోని ఆ ఊళ్లో సహాయక కమిటీ వేశారు. హెడ్మాస్టరు అచ్యుతరామారావు అధ్యక్షుడు. సభ్యులంతా ఊరి పెద్దలే. ఎక్కువమంది పోయింది పల్లంలో ఉన్న క్రైస్తవుల పాలెంలో. అక్కడినుంచి ఎవరినీ పిలవలేదు.

నర్సు ఎలిజబెత్‌ది ఆ పాలెమే. తల్లి శౌరమ్మ శవం తుమ్మకంపల్లో దొరికింది. శవాలన్నిటినీ కలిపి తగలబెడతారని విని ఆమె హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తింది.

"గుర్తుపట్టినవాళ్లనైనా మాకివ్వండి. పూడ్చుకుంటాం."

"కలరా వస్తుందమ్మా, నీకు తెలియదా? ఎక్కడ తవ్వినా నీళ్లే."

"కాలవగట్టు మెరకేగదండీ. మమ్మల్నడిగితే చెప్పేవాళ్లం."

ఆయన చెడ్డవాడు కాదు. గాలివాన ముదరగానే బడి తలుపులు తీసి పాలెంవాళ్లకీ చోటిచ్చాడు. "మీవాళ్ల తరపున నువ్వూ కమిటీలో కూర్చో. మధ్యాహ్నం మాట్లాడదాం" అన్నాడు.

మధ్యాహ్నం బడిలో కూర్చున్నారు. పూడ్చడానికి కరణం భానుమూర్తి ఒప్పుకోలేదు. "ఒక్కొక్కరికో పద్ధతంటే ఎప్పటికి తెములుతుంది?"

ఎలిజబెత్ జవాబు చెబుతూ ఆగిపోయింది. కిటికీలోంచి పొగ కనిపించింది.

"ఎవరు ముట్టించమన్నారు?" హెడ్మాస్టరు లేచాడు.

"పొద్దున మనమే అనుకున్నాంగా" అన్నాడు కరణం. " వద్దని మీరు కబురు చెయ్యలేదు."

కబురు చెయ్యడం హెడ్మాస్టరు మరిచిపోయాడు.

కరణం మినిట్సు పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. "అయిందేదో అయింది. నువ్వూ ఉన్నావు గనక అన్ని మతాలవారి సమ్మతితో అని రాశాను. సంతకం పెట్టమ్మా."

"అక్కడ మా అమ్మ కాలిపోతోందండీ" అని ఎలిజబెత్ లేచి వెళ్లిపోయింది.

పాలెంలో పెద్దాయన అబ్రహాము ఎదురొచ్చాడు. "కమిటీలో నువ్వూ ఉన్నావంటగా. ఒప్పుకున్నావా?"

"లేదు తాతా."

ఆయన నమ్మినట్టు లేదు. మిగతావాళ్లు మొహాలు తిప్పుకున్నారు. తల్లి పోయిన దుఃఖం కంటే అది ఆమెను ఎక్కువ కోసింది.

మర్నాడు బియ్యం పంపకం గురించి కమిటీ మళ్లీ కూర్చుంది. ఎలిజబెత్ అబ్రహామునీ, పొరుగింటి రూతునీ వెంటబెట్టుకొచ్చింది.

"నిన్నొక్కదాన్నేగా రమ్మన్నాం" అన్నాడు కరణం.

"నేనొక్కదాన్నే ఉంటే మీకు నా పేరే కావాలండీ, మాట అక్కర్లేదు."

హెడ్మాస్టరు బెంచీ తెప్పించాడు. అబ్రహాము కూర్చోలేదు.

"బియ్యం సంగతి తర్వాతండీ. ముందు మావాళ్ల బూడిదేదో చూపించండి, పూడ్చుకుంటాం."

"అంతా కలిసిపోయింది పెద్దాయనా" అన్నాడు హెడ్మాస్టరు, ఆయన మొహం చూడలేక.

రూతు కొంగు నోట్లో కుక్కుకుంది. బియ్యం మాట ఎవరూ ఎత్తలేదు.