ముళ్ళ గుట్టకు విగ్గు అక్కర్లేదు

ఫోను మోగేసరికి మనోజ గ్రైండర్లోంచి ఇడ్లీపిండి తీస్తోంది. పిండి చేత్తోనే ఎత్తింది.

"మేడమ్, డైరెక్టర్ గారు మిమ్మల్నే ఓకే అన్నారు. గుట్ట దిగే షాట్‌లో హీరోయిన్‌కి డూప్ మీరే," అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు.

మనోజ గంతేసింది. పిండి గోడ మీద, ఫ్రిజ్ మీద, పక్కనే నిలబడ్డ మొగుడి కళ్ళజోడు మీద చిందింది. పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. అద్దాలు తుడుచుకోకుండానే నవ్వుతున్న క్రాంతికుమార్‌ని చూస్తే ఇంకో గంతు వెయ్యాలనిపించింది.

"కానీ మేడమ్, ఫైట్ మాస్టరు గారు ఒప్పుకోవట్లేదు. సాయంత్రం నాలుగింటికి ఒక్కసారి దిగి చూపించమంటున్నారు. మళ్ళీ పంచరైతే మాత్రం తన ఫైటర్ మౌళికి ఆడవాళ్ళ విగ్గు పెట్టి చేయిస్తారట."

రెండో గంతు ఆగిపోయింది.

పెళ్ళికి అందరూ కుక్కర్లు ఇస్తే, క్రాంతి మాత్రం ఆమెకు మౌంటెన్ బోర్డు కొనిచ్చాడు. మనిషి నిలబడేంత పలక, పాదాలకు పట్టీలు, కింద చంటిపిల్లల బండికున్నట్టు నాలుగు గాలి చక్రాలు. స్కూలు రోజుల నుంచీ స్కేటింగ్ చేసిన మనోజకు అది వారంలో లొంగిపోయింది. ఫిలింనగర్ వెనక గుట్ట మీద ఆడుతుంటే సినిమావాళ్ళ కంట పడింది. మూడు రోజుల నుంచి అదే గుట్ట మీద ట్రయల్. కరువు నేల కనపడాలని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఉన్న పల్లేరుకాయలు చాలక, తుమ్మకంప కూడా తెచ్చి పరిచారు. ఊడ్చేస్తే ఫ్రేము పాడవుతుందట. మూడు రోజులూ సగం దారిలో అదే ముందు చక్రం కూలబడింది.

మూడుసార్లూ క్రాంతే ట్యూబుకు ప్యాచీ వేశాడు. బకెట్ నీళ్ళలో ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడ లేస్తాయా అని ఇద్దరూ తలలు ఆనించి చూసేవాళ్ళు. పంచరే అయినా ఆ బుడగలంటే మనోజకు ముచ్చట.

"ఇంక మనతోని కాదు. యూసుఫ్‌గూడ పోచయ్య తాత దగ్గరికి పోదాం," అందామె.

క్రాంతి ఆఫీసుకు జ్వరమని మెయిల్ కొట్టి బైకు తీశాడు.

నలభై ఏళ్ళుగా సైకిళ్ళకు పంచర్లు వేస్తున్న పోచయ్య బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది బిడ్డా, ఇస్త్రీపెట్టెకు చక్రాలు పెట్టినట్టుంది! నువ్వు నిలబడతవా దీని మీద?"

"నిలబడుడే కాదు తాతా, గుట్ట దిగుత."

చక్రం బోల్టులు విప్పి, ట్యూబు చూశాడు. మూడు ప్యాచీలు, ఒకదాని పక్కన ఒకటి. "మీరు ఏం చదివిన్రు?"

"ఇద్దరం ఇంజనీర్లమే," అన్నాడు క్రాంతి, కొంచెం గర్వంగానే.

"ఇద్దరుండి టైరు లోపట చెయ్యి పెట్టలే?" పోచయ్య టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమాడు. ఒకచోట ఆగాడు. మనోజ వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. చురుక్కుమంది. "గీడుంది నీ దయ్యం. ముల్లు బయట ఇరిగింది, మొన లోపట్నే ఉంది. నువ్వు కొత్త ప్యాచీ వేస్తవు, అది మళ్ళ పొడుస్తది. గింతే!"

క్రాంతి మొహం చూసి మనోజకు నవ్వాగలేదు. "ఓ ఇంజనీరు సాబ్!"

"బుడగలు చూసి చప్పట్లు కొట్టినవు గదా నువ్వు," అని గొణిగాడతను.

పోచయ్య పటకారుతో మొన పీకేశాడు. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య రెండు వరసలు పట్టీలాగా పరిచాడు. రాసుకోకుండా పౌడరు చల్లాడు. నాలుగు చక్రాలకూ అంతే. "గాలి ఎంత పెడుతున్నరు?"

"మెత్తగనే. పట్టు దొరుకుతదని," అన్నాడు క్రాంతి.

"మెత్తగుంటే టైరు నేలకు పరుచుకుంటది, ఇంకిన్ని ముళ్ళు ఏరుకుంటది. రాయి తాకితే ట్యూబు నలుగుతది." టైరు మీద అచ్చేసిన అంకె దాకా గాలి కొట్టాడు. "దిగంగనే ముళ్ళు పీకు బిడ్డా. ఒకటి ఉంచినా, తొక్కుడుకు లోపటికి పోతది. మాటలు తర్వాత."

నాలుగింటికి గుట్ట కింద ఫైట్ మాస్టర్ వెంకటేశ్వరరావు గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. పక్కన మౌళి, చేతిలో పొడుగాటి విగ్గు.

"చూడమ్మా, కొత్త పెళ్ళికూతురివి. పడితే మీ అత్తగారికి ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు మాస్టరు.

"మౌళి పడితే వాళ్ళత్తగారికి ఎవరు చెప్తరు సార్?"

"నాకింకా పెళ్ళి కాలేదండీ," అన్నాడు మౌళి. లైట్‌మెన్ అందరూ గొల్లుమన్నారు. మాస్టరు నవ్వలేదు.

మనోజ గుట్ట మీది పైబండ దాకా ఎక్కింది. పట్టీల్లో పాదాలు బిగించింది. గోళ్ళ మీద ఇంకా గోరింటాకు ఎరుపు మిగిలిన చేతుల్ని రెక్కల్లా చాచి, ముందుకు వంగింది.

మొదటి కంప చక్రాల కింద పటపటలాడింది. మూడు రోజులూ కూలబడ్డ మలుపు వచ్చింది. పళ్ళు బిగించి చెవులు రిక్కించింది. బుస్సుమనలేదు. చక్రం గట్టిగా ఉంది! మనోజ గొంతెత్తి కేక పెట్టింది. కింద క్రాంతి కూడా కేక పెట్టాడు. దుమ్ము లేపుకుంటూ గొడుగుకు రెండడుగుల దూరంలో వచ్చి ఆగింది.

"సరేలే, ఏదో..." అని మొదలుపెట్టాడు మాస్టరు.

"ఒక్క నిమిషం సార్. ముళ్ళు ముందు, మాటలు తర్వాత." అక్కడే దుమ్ములో చతికిలబడి, చక్రాలు ఒక్కొక్కటే తిప్పుతూ ముళ్ళు ఏరింది. మాస్టరంతటి మనిషి గొడుగు కిందనుంచి వచ్చి నిలబడి చూడాల్సి వచ్చింది. పదకొండు ముళ్ళు. లేచి, వాటిని ఆయన అరచేతిలో పోసింది.

ఆయన వంగి నాలుగు చక్రాలూ బొటనవేలితో నొక్కాడు. ఒక్కటీ లొంగలేదు.

"ఊఁ," అన్నాడు. "రేపు షాట్ నీదే. అయితే పైనుంచి వద్దు, సగం గుట్ట నుంచి దిగు చాలు. పై ముక్క మౌళి విగ్గుతో చేస్తాడు."

మౌళి ఆ విగ్గును మెల్లగా సంచిలో పెట్టేసుకోవడం మనోజ చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన తన జడను ముందుకు లాక్కుంది.

"రేపు ఆరింటికల్లా వస్త సార్. ముందు పోచయ్య తాత ఈ టైర్లు లోపట తడిమి చూస్తడు, తర్వాతే మీరు షాట్‌కు కొట్టే కొబ్బరికాయ. దిగేది మాత్రం పైబండ నుంచే. మొత్తం నేనే, నా జుట్టుతోనే."