చెట్టు మింగిన కంచె

ఒనెజిమ్ పళ్లు కొరుకుతూ వాగు దాటాడు. కిందటి చలికాలం మంచువానకు అతని మేపుల్ తోపులో సగం చెట్లు విరిగిపడ్డాయి. మిగిలిన తొంభై చెట్ల రసం దాన్ని కాచి తీపి పాకం తీయడానికి తండ్రి చేయించిన పెద్ద పెనానికి ఏ మూలకూ రాదు; పలచగా పోసి కాస్తే పాకం మాడిపోతుంది. ఇంకో ముప్పై చెట్లు దొరక్కపోతే ఈ వసంతంతో ఆ పొయ్యి ఆరిపోయినట్టే. అందుకే ఆకులు ఎర్రబడినప్పుడే వాగవతల తిరిగి, ముప్పై ఒక్క మంచి మేపుళ్లు ఏరి, గుర్తుగా ఊలు దారం కట్టి వచ్చాడు.

ఇప్పుడు, రసం దిగే వేళకు, వాటన్నిటికీ రసం పట్టే బకెట్లు వేలాడుతున్నాయి. ఒడ్డునున్న మొదటి చెట్టు దగ్గర చెల్లెలి మొగుడు అదెలార్ చెట్లకు బెజ్జాలు వేసే బర్మా పట్టుకుని నిలబడ్డాడు.

"దారాలు భలే కట్టావు బావా. నాకు వెతుక్కునే పని తప్పింది."

హద్దు ఆ చెట్లకు అవతలున్న గట్టు మీదుందని ఒనెజిమ్, వాగేనని అదెలార్ పదేళ్లుగా కొట్టుకు చస్తున్నారు. గట్టు మీద తానే కంచె తీగ కట్టానని ఒనెజిమ్ తండ్రి పోయేదాకా చెప్పాడు గానీ, ఆ తీగ ఎవరి కంటా పడలేదు. తీగ చూపించు, చెట్లు తీసుకో అన్నాడు అదెలార్, నవ్వుతూ. ఆ నవ్వే కొంప ముంచింది.

ఒనెజిమ్ బకెట్‌ను కాలితో తన్నాడు. అదెలార్ బర్మాతో అతని మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు మంచులో పడ్డాయి. ఒనెజిమ్ నెత్తురు ఉమ్మి, అదెలార్ చేతిని మానుకు అదిమిపెట్టి, రసం గొట్టాలను చెట్టులోకి దిగగొట్టే సుత్తి అందుకుని మోదాడు. ఎముకలు విరిగిన చప్పుడు వినిపించినా ఆగలేదు, ఇంకోసారి మోదాడు. అదెలార్ కేకలు పెడుతూ ఇంటికి పరుగెత్తాడు. మనిషికి పిచ్చి పడితే అంతే, మొదటి దెబ్బకే తృప్తి ఉండదు.

ఒనెజిమ్ గొడ్డలి తెచ్చాడు. నాకు దక్కనివి వాడికి మాత్రం ఎందుకు దక్కాలి అనుకున్నాడు. ఒక్కో చెట్టుకూ నడుమెత్తున చుట్టూరా బెరడు నరికాడు. అలా చుట్టూ నరికితే మేపుల్ ఇక బతకదు. తండ్రి దగ్గర నేర్చిన పనే అది, పనికిరాని చెట్లను చంపడానికి. మధ్యాహ్నానికి నరుకుతూ గట్టు మీదికి చేరాడు. చివరి చెట్టుకు చుట్టూ నరుకుతుండగా గొడ్డలి ఖణేల్‌మని జారి, అతని మోకాలి కింద దిగబడింది.

కూలబడ్డాడు. ఎదురుగా, తెగిన బెరడులో, తుప్పుపట్టిన ముళ్ల తీగ కనిపించింది. చెట్టు దాన్ని ఎప్పుడో మింగేసింది.

మొగుడి చేతికి కట్టు కట్టి, తిట్టిపోయడానికి వచ్చిన చెల్లెలు ఎర్మిన్, అన్న దగ్గరకొచ్చి ఆగిపోయింది. తీగను చూసింది. వెనక్కి తిరిగి, వాగు దాకా వరసగా రసం కారుతున్న చెట్లను చూసింది.

"నాన్న కట్టిన కంచే ఇది," అంది. "ఇవన్నీ నీవే అన్నయ్యా."

ఒనెజిమ్ ఏడ్చాడు. కాలి నెత్తురు పట్టించుకోకుండా, చేతి తొడుగు తీసి చెట్టు గంటుకు అడ్డం పెట్టాడు. రసం వేళ్ల సందుల్లోంచి కారుతూనే ఉంది.