ఐదో అంతస్తు జాకీలు

మారప్ప కాలు స్లాబు పెళ్ల కింద నలిగిపోయింది. మేమంతా చూశాం. హిందూపురంలో లేస్తున్న పన్నెండు అంతస్తుల కట్టడం అది. నాలుగో అంతస్తులో, పొద్దున పదింటికి.

కాంట్రాక్టరు చంద్రప్ప వచ్చి ముందు విరిగిన స్లాబును చూశాడు. తర్వాత మారప్పను చూశాడు.

"చూసుకొని పని చేయొద్దా?" అన్నాడు.

పద్ధతి కొత్తది. అల్యూమినియం పలకలు బిగించి గోడలూ స్లాబూ ఒకేసారి పోస్తారు. రెండు రోజులకు పలకలు ఊడదీసి పై అంతస్తుకు ఎక్కిస్తారు. ఇరుకు ఊళ్లో తక్కువ ఖర్చుతో ఎత్తుగా కట్టాలంటే మంచి పద్ధతే. అయితే స్లాబును మోసే ఇనుప జాకీలను పద్నాలుగు రోజులు కదపకూడదు. అంటే ఆలోగా లేచే మూడు అంతస్తులకు సరిపడా జాకీలు కావాలి. చంద్రప్ప రెండు అంతస్తులకే కొని, గడువు కాకముందే పీకించేవాడు. మిగతా బరువు మా నెత్తిన పెట్టాడు.

తప్పు మాది కూడా. పెనుకొండ ముఠా, ధర్మవరం ముఠా అని రెండుగా చీలిపోయాం. ముందు జాకీలు పీకిన ముఠాకు చంద్రప్ప మటన్ బిర్యానీ పెట్టేవాడు. దానికోసం పోటీ పడ్డాం. ఆ పోటీలో జాకీలు పీకుతుంటేనే మారప్ప మీద పెళ్ల పడింది.

మారప్పను ఆసుపత్రిలో చేర్పించి రాగానే మాలో కొట్లాట మొదలైంది.

"మీ ధర్మవరమోళ్ల తొందరకే మా మారప్ప కాలు పాయె!" అని అరిచాడు పెనుకొండ మేస్త్రీ ఇమాం.

"నువ్వు తినలేదేమబ్బా బిర్యానీ? ఎముక గూడా ఇడవకుండా నాకితివి," అంది తిప్పమ్మ. ధర్మవరం ముఠాలో కాంక్రీటు మోసే మనిషి.

కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. నా భార్య సమీనా ఇలాంటి స్లాబు కిందే చచ్చిపోయింది. ఆ జాకీలు పీకిన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత నోరు మూసుకున్నాను. ఆ సంగతి అప్పుడు వాళ్లకు చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు. మంచిదే.

"రేపు చంద్రప్ప ఐదో అంతస్తు జాకీలు పీకమంటాడు. పోసి నాలుగు దినాలే," అన్నాను.

"పీకం," అంది తిప్పమ్మ.

ఇమాం వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "పీకేది లేదు," అన్నాడు.

మర్నాడు అరవై మందిమి ఐదో అంతస్తులో జాకీల మధ్య కూర్చున్నాం. చంద్రప్ప రొప్పుతూ ఎక్కి వచ్చాడు.

"ఏమప్పా ఇమాం, పండగా ఈడ? బెంగుళూరులో ఐదు దినాలకొక అంతస్తు లేస్తాండాది!"

"ఆడ జాకీలు కొంటారు సార్."

"అన్నీ కొంటే నాకేం మిగిలేది?"

తిప్పమ్మ లేచి సుత్తి అతని చేతికిచ్చింది. "మేం బయట నిలబడతాం సామీ. నువ్వే ఈడుండి ఒగటి కొట్టు. పడకపోతే మిగిలినవి మేం పీకుతాం."

అతను తలెత్తి స్లాబును చూశాడు. సుత్తి కింద పెట్టి ఫోన్ తీశాడు.

పోలీసులు వచ్చి తిప్పమ్మ చేయి పట్టుకున్నారు. ఇమాం లేచాడు.

"నిన్ను పిలిచినామా?" అన్నాడు ఎస్సై.

"ఆయమ్మ మా మనిషి," అని ఇమాం తనే ముందు మెట్లు దిగాడు.

కింద జీపు కదిలింది. మేం దాని వెంట పోలేదు. పోతే జాకీలు ఎవరు కాయాలి? రెండు ముఠాలూ కలిసి కావలికి వంతులు వేసుకున్నాం. పద్నాలుగు నిండాలంటే ఇంకా పది రోజులు.