గార్డుల చర్చికి ఉత్తరపు వాకిలి

మెట్టుగూడ వెనక వీధుల్లో, రైల్వే క్వార్టర్లకు కాస్త ఇవతల ఒక చిన్న రాతి చర్చి ఉంది. బోర్డు మీద ఏ పేరున్నా చుట్టుపక్కల అందరికీ అది గార్డుల చర్చి. ఒకప్పుడు రైలు గార్డులు తలా కొంచెం వేసుకుని కట్టుకున్నారని చెప్పుకుంటారు. అందులో చివరి వరసలో, గుమ్మం పక్క బెంచీ జకర్యాది. ఆయనా రిటైరైన గార్డే. ఉద్యోగం చేసిన రోజుల్లో ఏ ఆదివారమైనా ఆ బెంచీ ఖాళీగా ఉందంటే ఆయన ఏదో గూడ్సు బండి మీద డ్యూటీలో ఉన్నాడని అర్థం.

షుగర్ ముదిరి కిందటేడు ఆయన కుడికాలు మోకాలి దాకా తీసేశారు. గాయం మానీ మానకముందే చర్చికి బయల్దేరాడు. "కాలు పోతే పోయింది, చెవులున్నాయిగా" అన్నాడు. చర్చి ముందు మెట్లు ఎత్తుగా, ఇన్నేళ్ల రాకపోకలకు నున్నగా అరిగిపోయి ఉంటాయి. నలుగురు మగవాళ్లు చక్రాల కుర్చీని తలో పక్కా పట్టుకుని పైకి చేర్చేవాళ్లు. భార్య ప్రేమమణి ఆయన బైబిలు గుండెకు అదుముకుని, ఊపిరి బిగబట్టి వెనకే ఎక్కేది.

ఒక ఆదివారం చినుకులు పడి మెట్లు తడిశాయి. ముందు పట్టుకున్నతని చెప్పు జారింది. కుర్చీ ఒక పక్కకు ఒరిగిపోయింది. జకర్యా కింద పడలేదు గానీ, మడిచి పిన్నుపెట్టిన ప్యాంటు కాలు ఊడి ఖాళీగా వేలాడింది. మెట్ల కింద నిలబడ్డ పిల్లలు అది చూసి బిక్కచచ్చిపోయారు. ఆ పూట ప్రసంగమంతా ఆయన తల ఎత్తలేదు.

ఇంటికి వస్తూ దారిలో అన్నాడు. "వచ్చేవారం నుంచి నేను బయటే కూర్చుంటా మణీ. మైకు వినబడుతుంది."

"అదేంటండీ, ఇన్నేళ్ల బెంచీ వదిలేసి..."

"ఎక్కించండి, దింపండి అనడానికి నేనేమన్నా పార్సిలా?"

ఆ తర్వాత ఆయన నిజంగానే ఆవరణలో వేపచెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టాడు. లోపల పాట పాడుతున్నంతసేపూ ప్రేమమణి చూపు కిటికీ మీదే ఉండేది. ఆమె బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చర్చిలో స్త్రీల మైత్రి సంఘానికి ప్రెసిడెంటు. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. ఈసారి మాత్రం చర్చి సెక్రటరీ పాల్‌ దగ్గరికి నేరుగా వెళ్లి, మెట్ల పక్కన ర్యాంపు కట్టించమని అడిగింది.

పాల్ మంచివాడే, తొందర మాత్రం ఎక్కువ. బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయల లారీలు తిప్పే మనిషి, దేన్నయినా తెల్లారేసరికి దింపెయ్యాలంటాడు. "ఫికర్ చెయ్యకక్కా. ర్యాంపు ఏస్తం. అదే చేత్తోటి పక్కన రెండంతస్తుల హాలు సుత లేపుతం. బాత్రూములు గిట్ల అన్నీ అండ్లనే ఒస్తయ్" అన్నాడు. అన్నట్టే ఆ వారంలోనే మనుషుల్ని పెట్టి ముందు మెట్ల నుంచి రెండు రాళ్లు పెరికించాడు.

మూడో రాయి కదలకముందే పాత కట్టడాల సంగతి చూసే సర్కారు ఆఫీసు వాళ్లు వచ్చి ఆపేశారు. ఈ కట్టడం రక్షిత జాబితాలో ఉందనీ, అనుమతి లేకుండా గడప కూడా మార్చడానికి వీల్లేదనీ చెప్పి నోటీసు అంటించారు. పెరికిన రాళ్లు గోడవారన పడి ఉన్నాయి. మెట్ల మధ్య పళ్లు ఊడిన నోరులా గుంత మిగిలింది. ఇప్పుడు నడవగలిగిన ముసలివాళ్లకు కూడా ఎక్కడం కష్టమైంది.

ప్రేమమణి, పాల్ ఆ ఆఫీసుకు వెళ్లారు. అక్కడున్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "రిపేర్లు వద్దనట్లేదమ్మా. దానికో పద్ధతుంది. పాత కట్టడాల పని తెలిసిన ఆర్కిటెక్టును పెట్టుకుని రండి, హెరిటేజ్ కమిటీ చూస్తుంది."

అలా వచ్చింది వసుధ. అల్వాల్ నుంచి స్కూటీ మీద వచ్చి, హెల్మెట్ తీయకముందే గోడల మీద వేలి కణుపులతో తట్టుకుంటూ చర్చి చుట్టూ తిరిగింది. డాక్టరు వీపు మీద తట్టి ఊపిరితిత్తులు చూసినట్టుంది ఆ వాలకం. తిరిగి వచ్చి వరండాలో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది.

"ముందు భాగం ముట్టుకోనియ్యరు ఆంటీ. ఆ రెండు రాళ్లు మళ్లీ వాటి చోట్లోనే కూర్చోబెట్టాలి. హాలు కట్టుకోవచ్చు, కానీ చర్చి చూరు కన్నా కిందే ఉండాలి. రోడ్డు మీద పోయేవాళ్లకు ముందు చర్చే కనబడాలి. కొత్త గోడను పాత గోడకు అతికించొద్దు. రేపెప్పుడైనా హాలు తీసేయాల్సొస్తే పాతదానికి దెబ్బ తగలొద్దు కదా. పాత గోడలో కొత్త గుమ్మం కొట్టడానికి లేదు. ఇంకొకటి, ఉత్తరం గోడకు ఎప్పుడో సిమెంట్ పూశారు చూడండి, ఫస్ట్ అది మొత్తం తీసేయాలి."

"గట్టిగ ఉండాల్ననే గద పూసిన్రు?" అన్నాడు పాల్.

"ఆ గట్టితనంతోనే పరేషాన్ అంకుల్. సున్నం గోడ చెమ్మ పీలుస్తుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంట్ దాని నోరు మూసేసింది. అందుకే లోపల పెచ్చులు రాలుతున్నాయి."

ప్రేమమణి అంతవరకూ ఓపిగ్గా విన్నది. ఇక ఉండబట్టలేకపోయింది. "అన్నీ వద్దులే చెప్పావు తల్లీ. చేసుకోవచ్చు అనేది ఒక్కటన్నా చెప్పు. మా ఆయన మెట్లెక్కలేక చక్రాల కుర్చీలో బయటే కూర్చుంటున్నారు. రాళ్ల మీద ఉన్న కనికరం మనుషుల మీద లేదా మీ రూల్సుకి?" అంది. తరగతిలో కూడా అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడి ఎరగదు.

వసుధ నొచ్చుకోలేదు. సర్దిచెప్పడానికీ చూడలేదు. "అంకుల్ ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగింది.

"అదిగో, ఆ చెట్టు కింద."

"ఆదివారం వస్తా ఆంటీ."

చెప్పినట్టే వచ్చింది. లోపలికి పోకుండా, వేపచెట్టు కింద జకర్యా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆరాధన అయిపోయేదాకా కూర్చుంది. అందరూ వెళ్లిపోయాక, "చర్చి చుట్టూ ఒక రౌండ్ కొడదామా అంకుల్?" అని అడిగింది. ప్రేమమణి కుర్చీ తోసింది. వసుధ గోడ పక్కనే నడిచింది.

ముందు వైపు, దక్షిణం వైపు చక్రాలు సులువుగానే దొర్లాయి. బలిపీఠం వెనక నుంచి మళ్లి ఉత్తరం వైపు వచ్చేసరికి ప్రేమమణికి రొప్పు వచ్చింది. జబ్బలు లాగేస్తున్నాయి.

"ఎగుడొచ్చింది మణీ. వెనక ఇంకో ఇంజను తగిలించు" అన్నాడు జకర్యా నవ్వుతూ.

వసుధ టక్కున ఆగింది. వంగి గోడ అడుగున చూసింది. చర్చి చుట్టూ లోపలి నేల మట్టాన్ని చెప్పే నల్లరాతి పట్టీ ఒకటి ఉంది. ముందు వైపు అది నడుమెత్తున ఉంటుంది. ఇక్కడ చీలమండ దగ్గర ఉంది. "ఆంటీ, ఇక్కడ నేలే పైకొచ్చింది. ఈ పక్క నుంచైతే మెట్లే అక్కర్లేదు!" అంది. అంతలోనే ఆమె మొహం వాడిపోయింది. ఎదురుగా ఉన్నది తలుపు కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా సిమెంటు పూసిన గోడ. దానికి కొత్త గుమ్మం కొట్టడానికి లేదని తనే చెప్పింది.

ఆ రాత్రి ప్రేమమణి అన్నం కలుపుకుని కూడా తినలేకపోయింది. ఆశ అసలే లేకపోతే ఒక రకం. నోటిదాకా వచ్చి పోతే కడుపు మండుతుంది.

మరమ్మతులకు మాత్రం ముందుగా అనుమతి వచ్చింది. పాతకాలపు డంగు సున్నం పని తెలిసిన మేస్త్రి లక్ష్మణ్ తన మనుషులతో దిగాడు. మెట్ల రాళ్లు రెండూ వాటి స్థానంలో కూర్చున్నాయి. తర్వాత ఉత్తరం గోడ మీది సిమెంటు మీద పడ్డారు. రాయికి దెబ్బ తగలకుండా చిన్న ఉలితో, అరచేయంత పెచ్చు చొప్పున ఊడదీయాలి. ప్రేమమణి రోజూ వాళ్లకు చాయ్ తెచ్చి ఇచ్చేది. మనసులో కోపం ఉన్నా, పని చేసేవాళ్ల మీద దాన్ని చూపించే మనిషి కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఫ్లాస్కు మూత తీస్తుంటే లక్ష్మణ్ పరంజా మీద నుంచి పిలిచాడు. "అమ్మా, జెర ఇటు రాండ్రి. ఏందో ఉన్నది గీడ. అంతా రాయున్నది గదా, ఇక్కడ మటుకు ఇటుకలొస్తున్నయ్."

ఇంకా ఊడదీసిన కొద్దీ ఇటుకల పైన రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ విల్లులా వంగాయి. కమాను. దాని కింద మనిషెత్తు ఇటుక గోడ. ఎప్పుడో, ఎందుకో మూసేసిన వాకిలి. ప్రేమమణి చేతిలో ఫ్లాస్కు అలాగే ఉండిపోయింది.

వసుధ వచ్చి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "కొత్త గుమ్మం కొట్టనియ్యరు గానీ, ఉన్నదాన్ని తెరవడానికి అడగొచ్చు ఆంటీ. ఈ సిమెంట్ తీయమనకపోతే ఇది మనకు దొరికేదే కాదు!"

కబురందుకుని పాల్ కూడా వచ్చాడు. "ఇంకేంది మరి, గడ్డపారలు తేపియ్యి లక్ష్మణ్. ఇటుకలు కొట్టెయ్యుండ్రి. ఐతారం నాటికి జకర్యన్న లోపలుండాలె."

"ఇప్పుడే వద్దు అంకుల్. ఫొటోలు, కొలతలు తీసి కమిటీకి చూపించాలి. వాళ్లొచ్చి చూసి ఒప్పుకోవాలి" అంది వసుధ.

"మల్ల పర్మిషనా! మన తల్పు, మనోళ్లే మూసిన్రు, మనమే తెరుస్తం. గండ్ల అడిగేదేముంది? అక్కా, నువ్వే చెప్పు."

అందరూ ప్రేమమణి వైపు చూశారు. ఇటుకలు కొట్టేయడం ఒక పూట పని. ఆదివారం ఆయన తన బెంచీ దగ్గర ఉంటాడు. సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కమాను మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్లుగా సిమెంటు కింద ఊపిరాడక, చెమ్మను మోస్తూ కూడా ఆ రాళ్లు ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇటుకలు తీసేస్తే ఇది నిలబడుతుందా?" అని అడిగింది.

"నిలబడాలె గాని, కింద ఆనిక పెట్టకుంట తీస్తే నేనైతే మాటియ్యలేను అమ్మా" అన్నాడు లక్ష్మణ్.

"అయితే ఆగుదాం పాల్. తొందరపడి మెట్లు పీకాం, ఎండాకాలమంతా ఆ గుంత చూసుకుంటూ కూర్చున్నాం. ఈసారి ఎవరూ వచ్చి మూయించే పని లేకుండా తెరుద్దాం" అంది. ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పాల్ మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి ఆమె భయపడింది. జకర్యా అంతా విని, "సిగ్నల్ పడకుండా బండి కదిపితే గార్డు భార్యవెలా అవుతావు?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు.

కమిటీ వాళ్లు వచ్చిన రోజున వసుధ కాగితాలు చూపించింది. అందులో పెద్దాయన ఒకరు కమానును తడిమి చూసి, ఇంకేమన్నా చెప్పాలా అని అడిగారు. ప్రేమమణి ముందుకు వచ్చింది. "అయ్యా, ఈ చర్చిని కాపాడమని మీరంటున్నారు. మేమూ అదే అంటున్నాం. కానీ లోపలికి రాలేని మనిషి దీన్ని ఎంతకాలం తనదనుకుంటాడు? వాకిలి తెరిస్తే కాపాడేవాళ్లు ఇంకొందరు పెరుగుతారు" అంది. ఆమె మాట్లాడినంతసేపూ ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని విన్నారు.

అనుమతి వచ్చింది, షరతులతోనే. రెండో అంతస్తు లేదు. హాలు చర్చి చూరుకు బాగా కిందుగా, పెంకుటి కప్పుతో ఉండాలి. దానికీ పాత గోడకూ మధ్య సన్నని అద్దాల నడవా మాత్రమే ఉండాలి. ఉత్తరపు వాకిలి తెరవొచ్చు, కానీ దాని ముందు వాలుదారి రాతి పలకలతో వేయాలి, పునాదిని తాకకూడదు. రెండో అంతస్తు పోయిందని పాల్ చాలా రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పెళ్లి విందులకు చోటు సరిపోదని ఇంకా కొందరు సణిగారు. అది నిజమే, సరిపోదు.

లక్ష్మణ్ కమాను కింద ఆనికలు పెట్టి ఇటుకలు ఒక్కొక్కటే తీశాడు. పని వానాకాలంలోకి సాగింది. సున్నానికి తొందర పనికిరాదు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలిపి పూశాక, దాన్ని తడి గోనెసంచుల కింద నెమ్మదిగా ఆరనివ్వాలి. వాన లేని రోజుల్లో ప్రేమమణి పొద్దున్నే వచ్చి ఆ గోనెసంచులు తానే తడిపి పోయేది. జోరు వాన కురిసి వెలిసిన ఒక రోజు పాల్ లోపలికి వచ్చి ఉత్తరం గోడకు అరచెయ్యి ఆనించాడు. తీసి, మళ్లీ ఆనించాడు. "ఏందక్కా, గోడ పొడిగున్నది!" అన్నాడు. ఆ రోజు నుంచి హాలు పనులన్నీ అతనే దగ్గరుండి చూసుకున్నాడు.

కొత్త తలుపులు బిగించిన ఆదివారం జకర్యా మొండికేశాడు. "చెట్టు కిందే బాగుంది. అందరూ నన్నే చూస్తారు" అన్నాడు. ప్రేమమణి బతిమాలలేదు. కుర్చీని వాలుదారి మొదట్లో ఆపి, పిడుల మీద నుంచి చేతులు తీసి, తను లోపలికి వెళ్లి కూర్చుంది. కిటికీ వైపు చూడకూడదని అనుకుంది. మొదటి పాట సగంలో ఉండగా పక్క వాకిలి దగ్గర చక్రాలు రాతి మీద దొర్లిన చప్పుడైంది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ తోయలేదు. ఆయన తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ వచ్చి, చివరి బెంచీ పక్కన ఆపుకుని, పాటల పుస్తకం తెరిచాడు. తలతిప్పి చూసినవాళ్లు చూశారు. తర్వాత అందరూ తర్వాతి చరణంలో పడ్డారు.

ఆరాధన ముగిశాక ప్రేమమణి అలవాటుగా కుర్చీ వెనక్కి వెళ్లింది.

"నువ్వు పద మణీ. పాస్టరు అయ్యగారితో కాస్త మాట్లాడాలి. నేనొస్తా" అన్నాడు జకర్యా. "ప్రసంగం మరీ పొడుగైంది. బయటైతే ఓ కునుకన్నా తీసేవాణ్ని."

ఆమె ఒక్కతే వాలుదారి దిగింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ కుర్చీ పిడులు లేకుండా చర్చి నుంచి బయటికి రావడం ఇదే మొదలు. ఖాళీగా ఉన్న చేతుల్ని ఏం చేసుకోవాలో ఆమెకు కాసేపు తోచలేదు. కొత్త హాలు గడపలో చాయ్ కప్పులు అందిస్తున్న స్త్రీల మైత్రి వాళ్లు కేకేసి పిలిస్తే, చీర కొంగు సర్దుకుని అటు నడిచింది.